కడగనివ్వని మిషన్

మాతో పనిచేసే కోటి కుడిచెయ్యి ఐసు పొడిచేసే మిషన్‌లోకి పోవడం మేమంతా చూశాం. కైకలూరు దగ్గర రామకోటేశ్వరరావుగారి చేపల షెడ్డులో కూలీలం మేము. ఐసు దిమ్మల్ని మిషన్‌లోకి తోసి, ఆ పొడిని చేపల ట్రేలలో కప్పి లారీకెక్కించడం మా పని. మిషన్ నోటికి ఉండాల్సిన రేకు ఊడిపోయి చాలాకాలమైంది. బిగించమంటే రావుగారు చూద్దాం అనేవారు.

ఎవరికి దెబ్బ తగిలినా పట్టించుకోని సూపర్‌వైజరు చక్రి, ఆ పొద్దున కోటినీ, అతని భార్య గంగాదేవినీ తన కారులోనే విజయవాడ ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఉన్నట్టుండి ఈ ప్రేమ ఏమిటని నాకప్పుడే అనుమానం వచ్చింది.

కారు అటు వెళ్లగానే రావుగారు కోడికి మనిషిని పంపారు. మా షెడ్లలో అదొక ఆనవాయితీ. మనిషికి దెబ్బ తగిలితే మిషన్ కడిగి, పసుపు రాసి, దాని ముందు కోడిని కోస్తారు. దిష్టి పోవాలని మేమే అడిగి చేయించుకునేవాళ్లం. కూరా మేమే తినేవాళ్లం. నిరుడు యేసుబాబు వేళ్లు తెగినప్పుడూ అంతే. తర్వాత లేబర్ ఆఫీసరొచ్చి చూస్తే అక్కడ మిగిలింది కోడి రక్తమే. యేసుబాబుకి పరిహారమేమీ రాలేదు.

కోడిని కోసేది ఎప్పుడూ మాలో పెద్దవాడైన కాశీరావే. ఆ మధ్యాహ్నం మిషన్ కడగడానికి నీళ్లు తెచ్చి పెట్టాం. అతను కత్తి పట్టుకున్నాడో లేదో ఫోన్ మోగింది. గంగాదేవి. అందరికీ వినపడేలా పెట్టాడు.

"బాబాయ్, బండి మీంచి పడ్డాడని రాయించాడు చక్రి. నన్నూ అట్టాగే చెప్పమంటన్నాడు. ఇన్సూరెన్స్ ఏదంటే మాట్టాడ్డు. ఆ మిషన్ కడగనియ్యమాకండి."

కూలీలందరికీ ఇన్సూరెన్స్ కట్టానని రావుగారు చెబుతూ వచ్చారు. కాగితం చూపించమన్నాం. నసిగారు. లారీకి ఉంది, మిషన్‌కి ఉంది, లోడుకి కూడా ఉంది. మనుషులకి లేదు. ఆయన దృష్టిలో మేం చేపపాటి చెయ్యం. ఇన్సూరెన్స్ లేకపోయినా పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలి. పనిలో తగల్లేదనిపించడానికే ఈ హడావిడంతా.

మిషన్‌కి అంటిన రక్తాన్ని ఫొటోలు తీశాం. కానీ అవి పాతవంటారని మాకు తెలుసు. ఆఫీసరొచ్చి షెడ్డు మూయిస్తే తినేదేమిటని మాలో సంపూర్ణమ్మ అడిగింది. అడిగిన ఆవిడే వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. మేమూ చుట్టూ కూర్చున్నాం.

కాశీరావు కోడి కాళ్ల కట్టు విప్పేశాడు. "ఇది కోటి రక్తవండీ. ఆఫీసరు చూసిందాకా దీని మీద నీటిచుక్క పడనియ్యం."

రావుగారు ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. లేవమన్నారు. లేవలేదు. కాశీరావుని చొక్కా పట్టుకుని ఈడ్చి జీపెక్కించారు.

ఈలోగా మా గొడవ విని పక్క షెడ్డులో మిషన్ ఆపేశారు. అక్కడివాళ్లు ట్రేలు వదిలేసి చెరువుగట్టు మీదుగా వస్తున్నారు. వాళ్ల యజమానినీ ఇన్సూరెన్స్ కాగితం అడిగారట. ఆయన దగ్గరా లేదట. ఆ మాట మాకు చెప్పి, నేరుగా వెళ్లి జీపుకి అడ్డంగా కూర్చున్నారు.