లోపలికి చుట్టిన పట్టీ

బ్యాగు అడుగున తువ్వాళ్ళు పరిచాను. వాటి మీద బూట్లు, ఒకదాని మడమ పక్కన ఇంకోదాని ముక్కు వచ్చేలా. బూట్లలో మేజోళ్ళు. ఒక పక్క వాజ్‌లైన్ డబ్బా, దూది. ఇంకో పక్క జుట్టు బిగించి కట్టుకోవడానికి రబ్బరు బ్యాండ్లు. మధ్యలో చేతి పట్టీలు, వాటి మీద పళ్ళ గార్డు పెట్టె, దెబ్బలకి పళ్ళు ఊడకుండా నోట్లో పెట్టుకునేది. పోటీకి వెళ్ళే మనిషి బ్యాగు సర్దడం మా ఇంట్లో నా పని. చిన్నప్పుడు అన్నయ్యకి సర్దాను, పెళ్ళయ్యాక మా ఆయనకి, తర్వాత ఆయన దగ్గర బాక్సింగ్ నేర్చుకున్న మగపిల్లలెందరికో. ఇప్పుడు కోడలికి. "అమ్మ సర్దిందంటే సూది కూడా మర్చిపోదు" అంటాడు మా అబ్బాయి. పొగడ్తే. కానీ ఆ పొగడ్త వెనకాల ఎప్పుడూ ఇంకో పని తగులుకుని ఉంటుంది.

అది శుక్రవారం. మర్నాడు సాయంత్రం పోటీ. ఆ మధ్యాహ్నం హోటల్లో బరువు చూస్తారు, డాక్టరు పరీక్ష చేస్తాడు, ఇక పోటీ అయ్యేదాకా అక్కడే ఉండాలి.

ఊరంతా ఆ పోటీ గురించే. బస్టాపు గోడ మీద, మందుల షాపు షట్టరు మీద, ఎక్కడ చూసినా ఎదురెదురుగా రెండు ముఖాలు. ఒకటి మా కోడలిది. రెండోది ఎడమచేతివాటం అమ్మాయిది, అందరూ ఎడంచెయ్యి అనే పిలుస్తారు. ఇద్దరూ చాంపియన్లే, చెరో బెల్టూ ఉంది. ఇంతకు ముందు ఒకసారి మా పిల్ల గెలిచింది, ఒకసారి ఆ పిల్ల. ఇది తేల్చే పోటీ. పాలు పోసే అతను "పెద్దమ్మా, ఎన్నో రౌండులో పడగొడతారు?" అని గిన్నె నిండేదాకా అడుగుతూనే ఉంటాడు. కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ "గెలిస్తే అరిచి చెప్పండి. ఓడితే మాత్రం నాకు చెప్పకండి, బీపీ మాత్రలు అయిపోయాయి" అంది.

పోస్టరు మీద ఆ రెండు ముఖాల మధ్య ఎర్రటి అక్షరాలతో "ఎవరు నువ్వు?" అని ఉంటుంది. అది మా కోడలన్న మాట. అంతకు ముందు నెల ఇద్దరినీ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబెట్టి ఫొటోలు తీశారు. అప్పుడు మా పిల్ల ఎడంచెయ్యి కళ్ళల్లోకి చూస్తూ, నెమ్మదిగా, "ఎవరు నువ్వు?" అంది. విలేకరులు చప్పట్లు కొట్టారు. ఏం పొగరు, ఏం ధైర్యం అని పేపర్లు రాశాయి. మా అబ్బాయి ఆ మాటని బనీన్ల మీద అచ్చు వేయించాడు. నేను టీవీలో చూశాను. గదిలోకి ఎందుకొచ్చిందో మర్చిపోయి గుమ్మంలో ఆగిపోయిన మనిషి ముఖం అది. మా పిల్ల నిజంగానే అడిగింది.

ఎందుకలా అనుకున్నానో చెప్పాలంటే పట్టీల సంగతి చెప్పాలి. గ్లవ్స్ తొడుక్కునే ముందు మణికట్టుకీ వేళ్ళ మధ్యకీ చుట్టుకునే పొడుగాటి గుడ్డ పట్టీలవి. ఒక చివర బొటనవేలు దూర్చుకోవడానికి ఉంగరంలా కుట్టి ఉంటుంది, రెండో చివర అతుక్కునే ముక్క ఉంటుంది. ఉతికి ఆరేశాక అతుక్కునే చివరి నుంచి మొదలుపెట్టి చుట్టాలి. అప్పుడే వేలు దూర్చే కుట్టు పైకి వస్తుంది. తిరగేసి చుడితే అది లోపల చిక్కుకుపోతుంది, మొత్తం విప్పుకోవాలి. శిక్షణలో చేరిన పిల్లలకి మొట్టమొదట నేర్పేది అదే. గ్లవ్స్ సంగతి ఆ తర్వాత.

మాస్టారి హాల్లో పట్టీలన్నీ నా బాల్కనీకే వచ్చేవి. మాస్టారంటే మా ఆయనే. అందరూ అలా పిలుస్తుంటే పెళ్ళైన కొత్తలో నాకూ అదే నోటికొచ్చింది, ఇంకో పిలుపు కుదరలేదు. బకెట్లకు బకెట్లు వచ్చేవి. చెమటవి సబ్బునీళ్ళలో, నెత్తురువి చన్నీళ్ళలో. నెత్తురుకి వేణ్ణీళ్ళు తగిలితే మరక ఉండిపోతుంది. తడిసిన గ్లవ్స్‌లో పాత పేపర్లు ఉండలు చేసి కుక్కాలి, చెమ్మ లాగేస్తాయి. నేను బడికి వెళ్ళలేదు. ఆ ఉండలు విప్పి ఆరబెట్టుకుంటూ అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకే నాకు చాలా సంగతుల మొదలు తెలుసు, ముగింపు తెలియదు. కొన్నిటికి ముగింపే తెలుసు. ఒకసారి మాస్టారికి సన్మానం చేశారు. వేదిక మీద పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు చెప్పారు, హాలు ఊడ్చే అతనితో సహా. ఇంటికొచ్చాక "నా మాట మర్చిపోయారేం?" అన్నాను. "నువ్వు ఇంటిమనిషివే. ఇంటిమనిషికి థాంక్స్ చెబితే జనం నవ్వరూ?" అన్నారు. నేను కూడా నవ్వాను. పూలదండ తీసి నీళ్ళలో వేశాను, మర్నాటిదాకా ఉంటుందని.

కోడలు వచ్చిన మొదటి వారంలోనే "నా పట్టీలు మీరు ఉతకొద్దత్తయ్యా, నా చెమట నేనే వదిలించుకుంటా" అంది. మా ఇంట్లో ఆ మాటన్న మొదటి మనిషి. సాయంత్రాలు బాల్కనీలో చెరో స్టూలు వేసుకుని చుట్టేవాళ్ళం. తను కబుర్లు చెబుతూ, చేతుల వంక చూడకుండానే చుట్టేది. నాకంటే వేగం. ఆ కాస్సేపూ నా పని పనిలా ఉండేది కాదు.

ఆ ఫొటోలకి కొద్ది రోజుల ముందు సాధనలో కోడలి తలకి తగిలిన దెబ్బ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఎడంచెయ్యి దెబ్బలకి అలవాటు పడాలని, బరువైన ఒక ఎడమచేతివాటం మనిషితో సాధన చేయించారట. ఒక దెబ్బకి తల వెనక్కి విరిగి కూలబడిందట. లేచి, నీళ్ళు తాగి, మళ్ళీ ఆడిందట. నేను గుచ్చి గుచ్చి అడిగితే "కొంచెం తూలింది, అంతే" అన్నారు మాస్టారు. మర్నాడు సాయంత్రం తను చుట్టిన పట్టీ చేతిలోకి తీసుకున్నాను. వేలు దూర్చే కుట్టు లోపల ఉంది. రెండోది చూశాను. అదీ అంతే. తనకి చూపించాను. తిప్పి తిప్పి చూసింది. "ఏమైందత్తయ్యా?" అంది. అందులో తప్పేమిటో తనకి కనబడలేదు.

తర్వాత తనకి వెలుతురు పడకుండా పోయింది. గదిలో కర్టెన్లు దించే ఉంచేది. పొద్దున్నే వాంతులు. కుట్టే ఆవిడ మెట్ల మీద ఆపి "ఏమైనా విశేషమా?" అని కన్ను గీటింది. విశేషమే అయితే ఎంత బాగుండు అనుకున్నాను.

అన్నయ్య కూడా అలాగే చుట్టాడు. నాకప్పుడు రెండు జడలు వేసుకునే వయసు. ఒక పోటీ గెలిచి నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. కొన్నాళ్ళకి పట్టీలు తిరగేసి చుట్టడం మొదలుపెట్టాడు. నేను అమ్మకి చెప్పాను. అమ్మ నాన్నకి చెప్పింది. నాన్న "గోరంతలు కొండంతలు చేయడం ఆడవాళ్ళకి అలవాటే" అని మళ్ళీ పోటీకి పంపాడు. ఆ పోటీ నుంచి కూడా అన్నయ్య తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మాతోనే ఉన్నాడు. కిటికీ పక్కన కూర్చుని, అన్నం తెచ్చిన అమ్మని "మీరెవరండీ?" అని ఎంతో మర్యాదగా అడిగేవాడు. అమ్మ ప్రతిసారీ చెప్పేది. ఏదో ఒక పూట గుర్తుపడతాడని ఆశ.

ఇవన్నీ తల్చుకుని భోజనాల దగ్గర నోరు తెరిచాను. "ఆ పిల్లకి ఒకసారి తల స్కానింగ్ తీయిద్దామండీ."

మాస్టారు కంచంలోంచి తలెత్తలేదు. "పట్టీలు ఉతికినంత మాత్రాన బాక్సింగ్ వచ్చెయ్యదు."

"స్కానింగ్ అన్న మాట బయటికి పొక్కితే పోటీ పోతుందమ్మా" అన్నాడు అబ్బాయి. కోడలి పోటీల వ్యవహారాలన్నీ చూసేది వాడే. "ఏడాది నుంచి తిరగని చోటు లేదు నేను. నువ్వు ఇందులో తల దూర్చకు."

"తల నాది కాదురా, ఆ పిల్లది."

"మా ఆవిడ సంగతి నాకు తెలీదా?" అని మంచినీళ్ళడిగాడు. లేచి పోశాను.

ఇప్పుడు బ్యాగు సర్దుతుంటే కోడలు వచ్చి తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చుంది. "డాక్టరుకి చెప్పాలనుకుంటున్నారు కదూ?"

"నువ్వే చెప్పు తల్లీ. నేనెందుకు?"

"చెప్పను."

"నిన్న పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి వెళ్ళిపోయావు."

"మీ అబ్బాయి రోజూ ఫ్యాను ఆపకుండా వెళ్ళిపోతారు. ఆయన్ని కూడా స్కానింగ్‌కి పంపుతారా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే తను కణతలు నొక్కుకుంది. తర్వాత గొంతు మారింది. "ఈ పోటీ పోతే నన్నింకెవరూ రింగు ఎక్కనివ్వరత్తయ్యా. అప్పుడు నేనెక్కడుంటాను? ఆ బాల్కనీలో, ఆ బకెట్ల మధ్య. మీ పక్క స్టూలు మీద. మీరు బతికినట్టు బతకమంటారా నన్ను?"

నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అవి తిట్లు కాబట్టి దులుపుకున్నాను. ఇది తిట్టు కాదు, ఉన్న మాట. దులుపుకుంటే పోయేది కాదు.

"నా తల, నా ఇష్టం" అంది. "నన్ను అడక్కుండా నా గురించి నిర్ణయించేవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరున్నారు. మీరు మూడోవారు కాకండి. మాటివ్వండి."

నా పెళ్ళి నన్నడిగి చేయలేదు. ఏ ఊళ్ళో ఉండాలో, ఎంతమందికి వండాలో, ఎవరి నెత్తురు ఉతకాలో నన్నడిగి ఎవరూ పెట్టలేదు. ఆ మంట ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఆ పిల్లకి కూడా తెలియదు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే నాకు చేసిందే తనకి నేను చేసినట్టు. తెరవకపోతే మా నాన్న చేసింది చేసినట్టు. తననే అడగాలి, నిజమే. కానీ జవాబు చెప్పాల్సిన ఆ తలకే దెబ్బ తగిలితే ఎవరిని అడగాలి? పట్టీ తిరగబడిందని చూసుకోలేని పిల్ల, నా తల నా ఇష్టం అంటుంటే అది ఎవరి మాట? తనదేనేమో. తనదే అయితే? బాగున్న రోజుల్లో అడిగినా బహుశా అదే మాట అనేది. ఎటు తిరిగినా ఒక మనిషిని పోగొట్టుకోవడమే నాకు కనిపించింది. ఏ మనిషిని అన్నదొక్కటే నా చేతిలో ఉంది.

తన చెయ్యి పట్టుకున్నాను. మాటివ్వలేదు. చెయ్యి పట్టుకోవడమే మాట అనుకుంది తను. నా భుజం మీద ఒక్క క్షణం తల ఆనించి, స్నానానికి వెళ్ళింది.

బ్యాగు తెరిచి పళ్ళ గార్డు పెట్టె బయటికి తీశాను. తన పళ్ళ అచ్చు తీసి చేయించింది, ఇంకోటి సరిపోదు, ఒక్క రోజులో తయారుకాదు, అది లేకుండా రింగు ఎక్కనివ్వరు. జిప్పు వేసేశాను.

"వెళ్ళొస్తానత్తయ్యా" అంది గుమ్మంలో, బ్యాగు భుజాన వేసుకుంటూ.

"జాగ్రత్త తల్లీ" అన్నాను.

మధ్యాహ్నం ఫోను మోగింది. మాస్టారు. "పళ్ళ గార్డేదీ?"

"బల్ల మీద ఉండిపోయిందండీ."

"ఇన్నేళ్ళలో లేనిది ఇవాళే మర్చిపోవాలా? వయసొచ్చాక ఉన్న ఆ కాస్త బుర్రా పోతోంది నీకు. బండి పట్టుకుని రా, ఇక్కడ ఎవరికీ తీరిక లేదు."

పోటీ జరిగే చోటికి ఏనాడూ నన్ను రానివ్వని మనిషి ఆయన. "ఇంటి ఆడవాళ్ళుంటే ఆటగాడి మనసు చెదురుతుంది" అనేవారు. ఆ రోజు తనే పిలిచారు.

హోటల్ నడవా నిండా మగవాళ్ళు, కెమెరాలు, అరుపులు. గోడ పక్క కుర్చీలో ఎడంచెయ్యి కూర్చుని ఉంది. బరువు తగ్గడానికి తిండీ నీళ్ళూ మానేసి పెదవులు పగిలిపోయాయి. నన్ను చూసి లేచింది. "కూర్చోండి పెద్దమ్మా. ఆవిడ అత్తగారు కదూ?"

తలూపాను.

"ఆ రోజు నన్ను ఎవరు నువ్వు అంది కదా. రెచ్చగొడుతోందనుకున్నా. ఇంటికెళ్ళాక నిద్ర పట్టలేదు. ఆ కళ్ళు నాకు తెలుసు, రెండుసార్లు ఎదురుగా నిలబడ్డాను. ఆ రోజువి ఆ కళ్ళు కావు." గొంతు తగ్గించింది. "బాగానే ఉందా ఆవిడ?"

మా ఇంట్లో ఎవరూ అడగని మాట అది. మర్నాడు తనని కొట్టబోయే మనిషి అడిగింది.

"డాక్టరు గది ఎటమ్మా?" అన్నాను.

గదిలో డాక్టరు కోడలి కంట్లోకి లైటు వేసి చూస్తున్నాడు. ఆ లైటుకి తను మంచం అంచు గట్టిగా పట్టుకుంది. ఒక పక్క మాస్టారు, ఒక పక్క మా అబ్బాయి.

"ఈమధ్య తలనొప్పి, వాంతులు, మతిమరుపు ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవండీ" అన్నారు మాస్టారు. అడిగింది ఆ పిల్లని.

పిడికిలి విప్పి పళ్ళ గార్డు పెట్టె బల్ల మీద పెట్టాను. "ఉన్నాయి" అన్నాను. "మూడూ ఉన్నాయి."

"అమ్మా!" అన్నాడు అబ్బాయి.

డాక్టరు తిరిగి చూశాడు. "మీరెవరమ్మా?"

కోడలు కూడా నావైపు చూసింది. ఆ చూపులో మతిమరుపు లేదు. నేనెవరో ఆ క్షణాన తనకి చాలా బాగా తెలుసు.

"ఇంటిమనిషిని" అన్నాను.

పోటీ ఆగిపోయింది. పోస్టర్లు వానకి నాని ఊడిపోయేదాకా గోడల మీదే ఉన్నాయి. తల లోపల నెత్తురు చేరిందనీ, ఇంకో దెబ్బ పడి ఉంటే లేచేది కాదనీ స్కానింగ్‌లో తేలింది. ఆపరేషను చేశారు. చూడ్డానికి వెళితే గోడవైపు తిరిగి పడుకుంది. ఆస్పత్రి నుంచి నేను సర్దిన ఆ బ్యాగుతోనే ఎటో వెళ్ళిపోయింది, మా అబ్బాయికి కూడా చెప్పకుండా. మాస్టారు నాతో మాట్లాడరు. పట్టీల బకెట్టు మాత్రం ఎప్పట్లాగే బాల్కనీలో తెచ్చి పెట్టారు. నేను ముట్టుకోలేదు. కంపు కొట్టాక ఆయనే తీశారు.

ఎడంచెయ్యి అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. కోడలు ఎక్కడుందో చెప్పదు గానీ, ఎలా ఉంది, పట్టీలు ఎలా చుడుతోంది అని అడిగితే చెబుతుంది. "బాగానే ఉంది పెద్దమ్మా. పట్టీలు సరిగ్గానే చుడుతోంది."

"నా గురించి అడిగిందా?"

"లేదు."

అన్నయ్య రెండుసార్లూ ఇంటికి తిరిగొచ్చాడు. కోడలు ఆ శుక్రవారం పొద్దున వెళ్ళింది. మళ్ళీ రాలేదు.