హాజరు పలకని చిట్టి

అక్షరదోషాలుంటే దిద్దుకుని చదవండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. నా రాత నత్తనడక.

చిన్నపిల్లల బడిని సాయంత్రం దాకా ఉచితంగా నడపడం ఆ ఏడే మొదలైంది. ఇరవై సీట్లు. మొదటిరోజు పదింటిలోగా హాజరు పలకని పిల్ల సీటు వరుసలో తర్వాతివాళ్లకు పోతుంది.

హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మమ్మకు ఆ సీటే దిక్కు. కూతురు బస్సు కండక్టరు, తెల్లవారకముందే డ్యూటీ. మనవరాలు చిట్టిని రెండేళ్లుగా అమ్మమ్మే ఇస్త్రీబల్ల కింద దాస్తోంది. పిల్లల్ని తెచ్చినట్టు తెలిస్తే ఆ పూటే పని ఊడుతుంది. ఈమధ్య సూపర్‌వైజరు బల్లల కింద కర్ర పెట్టి చూస్తున్నాడు.

గేటు దగ్గర నిలబడిన అమ్మమ్మకు, లోపల టీచరు చిట్టి పేరు పిలవడం వినిపించింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు.

టీచరు గుమ్మంలోకి వచ్చింది. "అమ్మమ్మగారూ, పిల్లను తీసుకెళ్లిపోయారా?"

"లోపలే వదిలాను కదమ్మా."

వరుసలో తర్వాతి తల్లి కొడుకును చంకలో సర్దుకుంది. అదే హోటల్లో గదులు తుడుస్తుంది. "ఏమనుకోకు పెద్దమ్మా. పది దాటితే సీటు మావాడిదే."

ఇంకా నాలుగు నిమిషాలు. అమ్మమ్మ గబగబా లోపలికెళ్లి వంగి చూసింది. బొమ్మల బల్ల కింద, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, చిట్టి.

"ఇంత మొండిదా?" అంది టీచరు.

గుమ్మంలో ఆ తల్లి వింటోంది. చెబితే మాట హోటల్ దాకా పాకుతుంది. అయినా అమ్మమ్మ చెప్పింది.

"మొండి కాదమ్మా. పనిచోట నేనే దాచాను. ఎవరు పిలిచినా ఊపిరి బిగబట్టమని నేర్పాను."

టీచరు పెన్ను కదల్లేదు. "పిల్ల గొంతు నాకు వినబడాలి. రూలు."

అమ్మమ్మ నేల మీద బోర్లా పడుకుని బల్ల కిందికి దూరింది. "తల్లీ, ఇక్కడ పలికితే ఎవరూ తిట్టరు. పలక్కపోతేనే అమ్మమ్మ పని పోతుంది."

చిట్టి చేయి తీయలేదు. టీచరు మూడోసారి పిలిచింది.

"ఉన్నా," అంది చిట్టి, పిల్లికూన గొంతుతో.

టీచరు టిక్కు పెట్టింది.

అమ్మమ్మ బయటికొచ్చేసరికి ఆ తల్లి గేటు దాటుతోంది.

"నా సంగతి అక్కడ చెబుతావా?" అంది అమ్మమ్మ.

"ఏ మొహంతో చెప్పను? వీణ్ణి దుప్పట్ల అల్మారాలో కూర్చోబెడుతున్నా. నిన్న దగ్గాడు."

అమ్మమ్మ చేతులు చాపింది. "వాణ్ణి ఇలా ఇవ్వు. చెరో పూట చూసుకుందాం."

ఇద్దరూ హోటల్ వెనక గుమ్మం వైపు నడిచారు.

— బొత్తాల పెద్దమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు చిన్నకూతురి ఇంటి పైగదిలో ఉంటున్నాను.