కదిలే సీటు

సోఫాలక్కకు ఆ వారమంతా కాళ్లు నేల మీద నిలవలేదు. పొద్దున్నే షాపు షట్టర్ ఎత్తడం, చెప్పులు ఎక్కడ విడిచిందో కూడా చూసుకోకుండా వెనక గదిలోకి పరుగెత్తడం. మామూలుగా ఆ గదిలో కాలు విరిగిన కుర్చీలు, స్ప్రింగులు బయటికొచ్చిన సోఫాలు తమ వంతు కోసం పడి ఉంటాయి. ఇప్పుడు వాటన్నిటినీ గోడవారకు తోసేసి, నట్టనడుమ ఎర్రటి స్పోర్ట్స్ కారు దర్జాగా కూర్చుంది. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు జానెడు ఎత్తు. పాతదే అయినా పైకి నిగనిగలాడుతోంది. తలుపు తీస్తే మాత్రం లోపల కుక్కలు చింపిన విస్తరి.

ఉన్నమాటే చెబుతున్నాను. పైకప్పు గుడ్డ ఊడిపోయి తడి దుప్పటిలా నెత్తి మీదికి వేలాడుతోంది. డాష్‌బోర్డు ఎండకు బీటలు వారింది. తలుపుల లోపలి గుడ్డ కింద జిగురు పొడైపోయి, చెయ్యి తగిలితే చాలు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. బటన్ల మీది రబ్బరు పూత కరిగి వేలికి పాకంలా అంటుకుంటోంది. ఇక డ్రైవరు సీటు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ ఒక పక్క తోలు అరిగి చిరిగింది, స్పాంజి నలిగి పిండైంది. అందులో కూర్చుంటే మనిషి గోతిలో పడ్డట్టే. ఇంత దరిద్రాన్ని చూస్తే ఎవరైనా ముక్కు మూసుకుంటారు. సోఫాలక్కకు మాత్రం చేతులు దురద పెట్టాయి.

ఆమెను వీధి వీధంతా సోఫాలక్క అనే పిలుస్తుంది. పెళ్లయి ఈ షాపులో అడుగు పెట్టినప్పటి నుంచి మొగుడితో కలిసి సీట్లు కుడుతూనే ఉంది. ఇళ్లలో సోఫాలు, బడి కుర్చీలు, సినిమా హాలు సీట్లు, చివరికి క్షవరం కుర్చీలు కూడా వదల్లేదు. అన్నీ కదలని సీట్లే. జనం వచ్చి కూర్చుంటారు, లేచి పోతారు, సీటు ఉన్నచోటే ఉంటుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తను కుట్టిన సీటు కదలాలి, అందులో తనే కూర్చోవాలి, రోడ్డు తన కింద నుంచి వెనక్కి పారిపోవాలి. ఈ పిచ్చి ఆమెకు డ్రైవింగ్ నేర్చుకున్న నాడే పట్టింది, ఇప్పటికీ వదల్లేదు.

నేర్పింది డ్రైవింగ్ మాస్టారు. ఆ చుట్టుపక్కల స్టీరింగ్ పట్టుకున్నవాళ్లలో సగం మంది ఆయన తిట్లు తిని నేర్చుకున్నవాళ్లే. భారీ మనిషి, నోరు ఇంకా భారీ. ఈ ఎర్ర కారు ఆయనదే. నేర్పే కారును ఎవరు గోడకు గుద్దినా ఊరుకునేవారు గానీ, దీని మీద ఈగను కూడా వాలనిచ్చేవారు కాదు. మోకాళ్లు మొరాయించి, ఇంత కిందికి వంగి ఎక్కడం కష్టమయ్యాక, ఎవరికైనా ఇచ్చేద్దామని నోరు జారారు. జారారో లేదో ఆ వీధి పళ్ల డాక్టరు బండి నాకంటూ వాలిపోయాడు. డాక్టరు వెనకే సోఫాలక్క కూడా వెళ్లి నిలబడింది.

మాస్టారు ఇద్దరినీ ఎగాదిగా చూశారు. "ఇంజను గుర్రంలా ఉంది, దాని జోలికి ఎవరూ పోవద్దు. పాడైంది లోపలే. అమ్మాయ్, సీట్లు నీ పని కాబట్టి ముందు నీకే అవకాశం. ఎటు తేలినా నీ కూలి ఉంచుకోన్లే. ఆదివారం పొద్దున వచ్చి కూర్చుంటా. సీటు పట్టుకుందా, బండి నీది. పట్టుకోలేదా, డాక్టరు గారు తోలుకుపోతారు."

"సీటు పట్టుకోవడమేంటి మాస్టారూ?"

"కుర్చీలో మనం కూర్చుంటాం. ఇలాంటి బండిలో సీటే మనల్ని కూర్చోబెట్టుకుంటుంది. మలుపులో తెలుస్తుంది" అని, తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయారు. కారును మనుషులే తోసుకుంటూ, వెనక గదికి వీధి వైపున్న పెద్ద తలుపు గుండా షాపుకు చేర్చారు. పళ్ల డాక్టరు దానికి పసుపు రంగు వేయిస్తానన్నాడని దారిలో ఎవరో చెప్పారు. సోఫాలక్కకు ఒళ్లు మండిపోయింది.

అక్కడి నుంచి చూడాలి ఆ ఇద్దరి జోరు. పైకప్పు గుడ్డ లాగితే పాత స్పాంజి పొడి అంతా మొగుడి నెత్తిన పడి, మనిషి ఒక్కసారిగా ముసలాడైపోయాడు. సోఫాలక్క పడీ పడీ నవ్వింది. కొత్త గుడ్డకు జిగురు కొట్టి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో రుద్దుతూ ఒక్క ముడత లేకుండా అంటించింది. బటన్లను స్పిరిట్ గుడ్డతో తుడిచి తుడిచి, జిడ్డు వదిలి కింద నల్లటి ప్లాస్టిక్ తేలేదాకా ఊపిరి తీసుకోలేదు. తలుపు పలకలు ఊడదీసేటప్పుడు మాత్రం ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాల్సి వచ్చింది. వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు ముసలివైపోయి, ముట్టుకుంటే టిక్కుమంటున్నాయి.

"మెల్లగా లాగండి. మీ అత్తారింటి తలుపు కాదది" అంది.

"మా అత్తారింటి తలుపు ఇంతకంటే గట్టిది. ఎంత తట్టినా తియ్యరు" అన్నాడు మొగుడు, చెక్క బద్దతో క్లిప్పును లేపుతూ.

డాష్‌బోర్డు బీటలు పూడ్చి, నున్నగా రుద్ది, పైన నల్లటి తోలు పరిచి వేడిగాలి కొడుతూ మూలలకు సాగదీశారు. అంచున ఎర్ర దారంతో జంట కుట్టు వేసింది సోఫాలక్క. అది మిషను మీద వచ్చేది కాదు, చేతి పనే. వేలికి సూది దిగినప్పుడు కూడా ఆమె ముఖంలో నవ్వు చెరగలేదు. గేరు కర్ర చుట్టూ ఉండే తోలు సంచీ చినిగి పేలికలైతే, దాని ముక్కలనే విప్పి నమూనా చేసుకుని కొత్తది కుట్టింది. అన్నీ అచ్చుగుద్దినట్టు కుదిరాయి. మిగిలినవి సీట్లు. సీట్లంటే భయమెందుకు, బతుకంతా వాటితోనే కదా అనుకున్నారు ఇద్దరూ. అక్కడే బోల్తా పడ్డారు.

పోయిన మామగారు ఆ షాపుకో సూత్రం పెట్టి పోయారు. మన సీట్లో కూర్చున్నవాడికి లేవబుద్ధి కాకూడదు. దానికోసం అడుగున గట్టి స్పాంజి దిమ్మ, మధ్యలో మెత్తటిది, పైన దూది పొర. చేతులకు అలవాటైపోయిన పని. ఇద్దరూ చెరో సీటు పట్టుకుని, పోటీ పడి కూరారు. శనివారం మధ్యాహ్నానికి రెండు సీట్లూ బూరెల్లా పొంగి, తోలు తొడుక్కుని, కారులో బిగిసి కూర్చున్నాయి.

ఆ షాపులో ఇంకో పద్ధతి ఉంది. తయారైన ఏ సీటులోనైనా ముందు అత్తగారు కూర్చోవాలి. ఆవిడ కూర్చుని "ఊఁ" అంటేనే అది గుమ్మం దాటుతుంది. ఆవిడ వచ్చింది, తలుపు పట్టుకుని మెల్లగా లోపలికి దూరింది. తల వెళ్లి కొత్త పైకప్పుకు ఆనింది. మోకాళ్లు స్టీరింగ్ కింద ఇరుక్కున్నాయి. ఆవిడ గట్టిగా మాట్లాడితే గుడ్డ మీద మచ్చ పడుతుందేమోనన్నట్టు నెమ్మదిగా అంది.

"అమ్మాయ్, సీటు బంగారంలా ఉంది. నా తల ఎక్కడ పెట్టుకోను?"

భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తగారు అసలే పొట్టి మనిషి. ఆవిడకే తల ఆనితే మాస్టారు మెడ మడిచి చంకలో పెట్టుకోవాలి. సోఫాలక్క అక్కడే కూలబడింది. తెల్లారితే ఆదివారం.

"పుట్టి మునిగింది అత్తయ్యా" అంది.

"మునగలేదు, ముందు నన్ను బయటికి తియ్యండి" అంది అత్తగారు. బయటపడి, నడుం సర్దుకుని అసలు మాట చెప్పింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు చొక్కాలు కుట్టిన మనిషి. "సోఫాకి కొలతుండదు. ఎవరొస్తే వాళ్లు కూర్చుంటారు. ఇది సోఫా కాదర్రా, చొక్కా. కూర్చునే మనిషి కొలత తీసి కుట్టండి."

ఆ మాటతో సోఫాలక్కకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. రెండు సీట్లూ మార్చే వ్యవధి లేదు. పక్క సీటును దాని ఖర్మానికి వదిలేసి డ్రైవరు సీటు మీద పడ్డారు. తోలు ఒలిచారు, దూది పీకారు, మెత్తటి పొర విసిరికొట్టారు. గట్టి దిమ్మ ఒక్కటే మిగిలింది. సోఫాలక్క దాని మీద కూర్చుంది. మొగుడు సుద్దముక్కతో ఆమె చుట్టూ గీత గీశాడు. ఆమె లేచింది, ఆయన కత్తితో చెక్కాడు. మళ్లీ కూర్చుంది, మళ్లీ గీశాడు. నడుం దగ్గర కాస్త ఎత్తు, తొడల పక్కన రెండు గట్లు, వీపుకు రెండు వైపులా రెక్కల్లాంటి దిమ్మలు.

"పెళ్లయిన ఇన్నాళ్లకి నీ కొలతలు తెలిశాయి" అన్నాడు మొగుడు.

"నోరు మూసుకుని చెక్కండి, మీ అమ్మ వింటోంది."

"నాకు వినపడ్డం లేదులే" అంది అత్తగారు, స్టూలు మీద నుంచి.

దీపాలు పెట్టే వేళకు తోలు మళ్లీ ఎక్కింది. సోఫాలక్క లోపలికి జారి కూర్చుంది. మొగుడు కారును పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపాడు. కారు ఊగింది గానీ ఆమె కదల్లేదు. సీటు ఆమెను రెండు చేతులా పట్టుకుని ఉంది. పట్టుకోవడం అంటే ఇదా అనుకుంది. సంతోషం పట్టలేక స్టీరింగ్ మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసింది. ముందు పళ్ల డాక్టరు వచ్చాడు, మంచి చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. తర్వాత మాస్టారు. ఆయన షాపులోంచి వెనక గదికి వచ్చే గుమ్మంలో కాస్త పక్కకు తిరిగి లోపలికి వచ్చారు. నేరుగా వస్తే పట్టరు. ఆ భారీ శరీరం అలా గుమ్మాన్ని నింపడం చూసిన క్షణంలో సోఫాలక్క చూపు చప్పున డ్రైవరు సీటు గట్ల మీదికి పోయింది.

"ఏవండీ" అంది మొగుడి చెవిలో, "మనం ఎవరి కొలత తీశాం?"

మొగుడు జేబులో సుద్దముక్క తడుముకున్నాడు. సోఫాల వాళ్లు జన్మలో మనిషి కొలత తీసి ఎరుగరు. తీయమనేసరికి, దగ్గరున్న మనిషిది తీసేశారు.

మాస్టారు తొందరపడలేదు. పైకప్పును వేళ్ల చివర్లతో తడిమారు. బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కారు. డాష్‌బోర్డు అంచున ఎర్ర కుట్టు మీద బొటనవేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిపించారు. తర్వాత మోకాళ్లను తిట్టుకుంటూ వంగి సీట్లో కూర్చోబోయారు. సగం దిగి ఆగిపోయారు. గట్టుకూ గట్టుకూ మధ్య ఆయన పట్టలేదు. అటు జరిగారు, ఇటు జరిగారు, చివరికి ఒక తొడ లోపలా ఒక తొడ గట్టు మీదా పెట్టుకుని ఆయాసపడ్డారు.

"నా సీటేదమ్మాయ్?" అన్నారు.

సోఫాలక్క అబద్ధం వెతుక్కోలేదు. "కొలత నాది పడింది మాస్టారూ. ఆ సంబరంలో మిమ్మల్నే మరిచిపోయా" అంది.

పళ్ల డాక్టరు గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "అయితే మాస్టారూ, బండి..."

"ముందు నన్ను బయటికి లాగవయ్యా" అన్నారు మాస్టారు. డాక్టరు చొక్కా చేతులు మడిచి, ఆయన చంకల కింద పట్టుకుని లాగాడు. అలవాటైన పనే కదా అని అత్తగారు గొణిగింది.

బయటపడ్డాక మాస్టారు కారు కప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "నువ్వు కూర్చో" అన్నారు. సోఫాలక్క కూర్చుంది. ఆయన ఆమె భుజం పట్టుకుని పక్కకు తోశారు. కదల్లేదు. రెండు చేతులతో తోశారు. సీటు వదల్లేదు. ఈసారి ఆ భారీ నోరు చాలా చిన్నగా పలికింది.

"ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే అనుకున్నా. సీటు పాత రోజుల్లోలా నన్ను పట్టుకుంటే, ఏదో ఒక సాకు చెప్పి బండి ఇంటికి తోలుకుపోదామని. మోకాళ్లు పోతే పోనీ అని. నాకు సరిగ్గా కుట్టి ఉంటే నేను ఇవ్వగలిగేవాణ్ని కాదమ్మాయ్."

డాక్టరు వైపు తిరిగి, "సీటు మనిషిని పట్టుకోవాలన్నా. పట్టుకుంది. ఆ మనిషి ఎవరన్నదే నేను పొరబడ్డా. మీకింకో బండి వెతికి పెడతా, ఏమనుకోకండి" అన్నారు. డాక్టరు సోఫాలక్క ముఖం చూశాడు, చూసి నవ్వేశాడు. ఆ ముఖం చూసి కాదనడానికి మనిషికి రాతి గుండె ఉండాలి.

మాస్టారు జేబులోంచి తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టారు. ఆమె తిప్పగానే, వారమంతా నోరు మెదపని కారు ఒక్కసారి గుర్రుమంది. షాపు షట్టర్ గజగజలాడింది, మొగుడు చెవులు మూసుకుని గంతులేశాడు. సోఫాలక్కకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆగలేదు, ఆపుకోలేదు. మాస్టారు అటు తిరిగి వచ్చి, పొంగిన పక్క సీట్లోకి ఎలాగో ఎక్కి, మెడ పక్కకు వంచుకుని కూర్చున్నారు. తల పైకప్పుకు అతుక్కుపోయింది.

వీధి చివర మొదటి మలుపు. సోఫాలక్క స్టీరింగ్ తిప్పింది. సీటు ఆమెను పట్టుకుంది, సరిగ్గా ఆయన చెప్పినట్టే. రోడ్డు కింద నుంచి వెనక్కి పారిపోయింది. పక్కన మాస్టారు మాత్రం మెత్తటి దూదిలో సర్రున జారి తలుపుకు ఒరిగిపోయారు. మలుపు దాటినా లేచి సర్దుకోలేదు. ఎర్ర కుట్టు మీద ఒక వేలు ఆనించి, ముందుకు చూస్తూ అలాగే ఉన్నారు.

"ఇదేం సీటమ్మాయ్, లేవబుద్ధి కావడం లేదు" అన్నారు.

"మా మామగారి లెక్క అది. లేవకండి మాస్టారూ" అంది సోఫాలక్క, ఇంటి వైపు తిరగాల్సిన సందును వదిలేసి గేరు మార్చింది.