ముందు సందు, తర్వాత టైమింగు

మా అక్కకూ బావగారికీ మాటలు లేకపోవడానికి కారణం కారు. ఆ కారు బాగుపడకపోవడానికి కారణం వాళ్లకు మాటలు లేకపోవడం. మొదటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రెండవది కనిపెట్టడానికి, ఆ ఇంట్లోనే ఉన్న నాకు కూడా కొంత కాలం పట్టింది.

కారు అక్కది. పెళ్లయిన కొత్తలో దాని మీదే నడపడం నేర్చుకుంది. మరో బండి ఆమె కాళ్లకు అలవాటు లేదు. పోయిన వారం అది నాలుగు రోడ్ల కూడలిలో రెండుసార్లు దగ్గి, నడిమధ్యన ఆగిపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని అక్క అంది. బావగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే కొడుక్కి ఫోనులో చెప్పేశారు.

“ఆదివారం వస్తాను,” అన్నాడు కొడుకు. “ఇంటి ముందు ఎత్తు రోడ్డును బండి ఆగకుండా ఎక్కితే సరే. ఆగిందా, బండి అమ్మేద్దాం. అమ్మ ఇక నడపకూడదు.”

అక్క ఆ షరతుకు తల ఊపింది. ఆ వెంటనే బావగారితో మాట మానేసింది.

జబ్బు పెట్రోలుది కాదు, నిప్పుది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉన్న పాయింట్లు రెండూ విడివడిన క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. అవి ఎంత విడివడాలన్నది సందు. ఎప్పుడు విడివడాలన్నది టైమింగు. సందు చూడడం అక్క వంతు, టైమింగు బావగారి వంతు. కాపురం మొదలైన నాటి నుంచీ అదే పంపకం. మాటలున్న రోజుల్లో అక్క సందు సరిచేసి “ఇక కానివ్వండి” అనేది, ఆయన టైమింగు పెట్టేవారు. మాటలతో పాటు ఆ వరుస కూడా పోయింది. ఆయన తెల్లవారగానే లేచి టైమింగు పెట్టేవారు. ఆయన చెయ్యి పడితే సందు కదలకుండా ఉంటుందా అన్న అనుమానంతో, అక్క మధ్యాహ్నం కునుకు తీసి లేచి, స్క్రూ వదులు చేసి, సందు కొలిచే గేజీ రేకు దూర్చి కొత్తగా సందు పెట్టేది. సందు వెంట్రుకవాసి మారినా పాయింట్లు విడివడే వేళ మారుతుంది. అందుచేత ఉదయం గుర్రంలా పలికిన ఇంజను సాయంత్రానికి గాడిదలా తన్నేది.

“నా పాయింట్ల జోలికి రావద్దని మీ బావగారితో చెప్పు,” అంది అక్క. ఆయన పక్క కుర్చీలోనే ఉన్నారు.

“నాకు వినపడలేదని చెప్పు మరదలా.”

“వినపడలేదట,” అన్నాను.

“వినపడకుండానే జవాబెలా చెప్పారో అడుగు.”

ఆదివారం ఉదయానికి బండి అసలు కదలనే లేదు. టైమింగు కోసం రోజూ ఒక్కరే చేత్తో ఫ్యాను బెల్టు లాగి ఇంజను తిప్పుతూ వచ్చిన బావగారికి భుజం కూడా పట్టేసింది. అక్క వరండా మెట్టు మీద కూర్చుని, తాళంచెవిని ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. ఇక ఊరుకోలేకపోయాను.

“మీరిద్దరూ చేసింది ఒప్పే. వరుస తప్పు. గోడకు సున్నం కొట్టాక పగుళ్లు పూడిస్తే ఎలా ఉంటుంది? ముందు సందు, తర్వాత టైమింగు.”

ఇద్దరూ నన్ను చూశారు, ఒకరినొకరు చూసుకోలేదు. అక్క లేచి గేజీ అందుకుంది. సందు పూర్తయింది. ఇంజను తేలిగ్గా తిరిగేలా ప్లగ్గులు విప్పి, దాన్ని తిప్పే హ్యాండిలు తీసుకుని బంపరు ముందు నిలబడింది. ఇంజను కింది పుల్లీ మీద ఒక గుర్తు ఉంటుంది. అది సూది ముల్లుకు ఎదురుగా వచ్చినప్పుడు ఆపాలి. తిప్పేవారికి గుర్తు కనబడదు, గుర్తు చూసేవారికి హ్యాండిలు అందదు.

“మీ అక్కను తిప్పమను.”

“తిప్పమంటున్నారు.”

“తిప్పుతున్నానని చెప్పు.”

“ఆపమను.”

“ఆపమంటున్నా...” నా వాక్యం ముగిసేలోపు గుర్తు దాటిపోయింది.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వాక్యాన్ని ఒక్క ముక్కకు కుదించాను. అయినా దాటిపోయింది. అంతలో వీధి మలుపులో కొడుకు కనిపించాడు. అక్క చేతులు గబగబా తిరగసాగాయి.

“మెల్లగా. మెల్లగా... ఆపవే,” అన్నారు బావగారు.

హ్యాండిలు ఆగింది. గుర్తు ముల్లుకు సరిగ్గా ఎదురుగా ఉంది.

“ఆపాను. ఇంకేం చెయ్యాలి?”

“ఏమీ చెయ్యకు. కదపకుండా ఉండు.”

“ఉన్నానుగా. మీరు కానివ్వండి, వాడు వచ్చేస్తున్నాడు.”

ఆయన బల్బు తీగ తగిలించి, డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పారు. పాయింట్లు విడివడి బల్బు వెలిగిన చోటే బిగించేశారు. కొడుకు గేటు తీసే వేళకు ప్లగ్గులు కూడా తమ చోట్లకు చేరాయి.

అక్క స్టీరింగు పట్టింది. కొడుకు ఆమె పక్క సీట్లో, బావగారూ నేనూ వెనక కూర్చున్నాం. బండి ఎత్తు సగం ఎక్కాక కొడుకు, “ఇక్కడ ఆపి, మళ్లీ కదిలించమ్మా,” అన్నాడు.

“ఆ మాట ముందు అనుకోలేదు కదరా,” అన్నారు బావగారు.

“మీరు ఊరుకోండి,” అంది అక్క. బ్రేకు వేసి, అడక్కుండానే ఇంజను కూడా ఆపేసింది. తాళంచెవి తిప్పింది. ఇంజను తొలి పిలుపుకే పలికింది. ఎత్తు చివరికి చేరేదాకా ఒక్క దగ్గు లేదు.

తిరిగి ఇంటి ముందు ఆగాక కొడుకు, “సరే, నడుపుకో,” అని దిగి, గేటు దగ్గర తటపటాయించాడు. ఈ బండినే తోలుకుపోదామనే నమ్మకంతో అతడు బస్సులో వచ్చాడు.

“ఎలా వెళ్తావు నాయనా?” అని అడిగింది అక్క.

“బస్సు దొరుకుతుందిలే.”

“ఎక్కు, దింపుతాను.”

అప్పటికే బావగారు ముందు సీట్లోకి మారి కూర్చున్నారు. కొడుకు వచ్చి వెనక నా పక్కన సర్దుకున్నాడు.

“తలుపు మెల్లగా వెయ్యి,” అంది అక్క, “పాత బండి.”