అంతయ్య గడులు

మడిచిన అచ్చుకాగితం ఫారం మీద, మడత నిలిచేలా వెదురుబద్దతో ఒక్క గీత గీసి, దాన్ని పక్కన పడేసి, దెబోరా ఇంకో ఫారం అందుకుంది. రెండో తరగతి వాచకం. బళ్ళు తెరిచేలోగా కరీంనగర్ దుకాణాలన్నిటికీ చేరాలి. చేరిందంటే ఆమెకు పని అయిపోయినట్టే. మళ్ళీ వచ్చే ఎండాకాలం దాకా దొరసానమ్మ బంగళాలో అంట్లు తోముకోవాలి. మొగుడు తోమాసు పోయినప్పటినుంచీ ఇదే వరస.

ప్రెస్సులో ఏడాది పొడుగునా జీతమొచ్చే పనుల్లో ఆమె చేయగలిగింది కంపోజిటరు పని ఒక్కటే. అక్షరాలు పేర్చాలంటే అక్షరాలు రావాలి. మిషన్ బళ్ళో ఆమె నేర్చుకుంది. రెండేళ్ళుగా ఆ పనే ఇమ్మని ప్రెస్సు యజమాని లింగమూర్తి సేటును అడుగుతోంది. ఆయన కాదనడు. ఎవరినీ కాదనడం ఆయనకు చేతకాదు.

"చూద్దాం తియ్, దెబోరా. అంతయ్య ఉండంగ నీకు జాగేడుంది?"

అంతయ్య ఉన్నాడు. తడక వెనుక, సీసపు అక్షరాల గడులున్న చెక్క కేసు ముందు, ఎన్నేళ్ళుగానో ఉన్నాడు. ఏ అక్షరం ఏ గడిలో ఉండాలో ప్రెస్సులన్నిటికీ ఒక పద్ధతి ఉంది. అంతయ్య ఆ పద్ధతిని ఎప్పుడో తలకిందులు చేసి పెట్టుకున్నాడు. పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళు ఒక పూట నిలబడి, ఏ గడిలో చెయ్యి పెట్టినా మరో అక్షరం చేతికి వస్తుంటే, మధ్యాహ్నం అన్నానికని పోయి తిరిగి రాలేదు. సేటుకు సంగతి తెలుసు. కానీ అంతయ్య లేకపోతే ఆ కేసు ముందు సేటు కూడా నిరక్షరాస్యుడే.

ఈ వేసవిలో అంతయ్య చేతులు వణకడం మొదలైంది. నేలమీద రాలిన అక్షరాలను అతను వంగి ఏరుకుంటుండగా దెబోరా కంటబడ్డాడు.

"సేటుకు చెప్తవా?" అన్నాడు.

"నేనెందుకు చెప్త, పెద్దయ్యా?"

"అయితే లే. చేతులు కడుక్కొని రా."

అప్పటినుంచి చేతులు ఆమెవి, కళ్ళు అతనివి. ఆమె కేసు ముందు నిలబడి పేరుస్తుంది. అతను వెనకాల ముక్కాలిపీట మీద, గోడకానుకుని కూర్చుంటాడు. చెయ్యి తప్పు గడి మీదికి పోతే "ఉహుఁ" అంటాడు. అంతకు మించి పాఠం చెప్పడు. సేటు దగ్గు వినబడగానే ఆమె ఫారాల కుప్ప దగ్గర చతికిలబడుతుంది. మిగతా వేళల్లో సేటు బయట కూర్చుని, అక్షరాలు పడే టిక్కుటిక్కుమనే చప్పుడు వింటూ నిశ్చింతగా పాన్ నములుతాడు.

ఒక్కొక్క గడీ చేతికి అలవాటవుతున్న కొద్దీ దెబోరాకు నిద్ర కరువైంది. ముసలాయన చేతులు పడిపోయాయని ఒక్క మాట చెబితే పని తనది. చెబితే అతను రోడ్డున పడతాడు. చెప్పకపోతే తనకు అంట్లు. ఆదివారం గుడిలో మోకరించింది గానీ, ఇంకొకరి చోటు కావాలని అడగడానికి ప్రార్థనలో మర్యాదైన మాట దొరకలేదు.

ఇవాళ అచ్చు మిషను తొక్కే కొమురెల్లి పెళ్ళికి పోవడంతో ప్రెస్సంతా నిశ్శబ్దంగా ఉంది. ఆమె మడతలు పక్కకు నెట్టి లేచింది.

"నెమలి పాఠం షురు చెయ్యి," అన్నాడు అంతయ్య. ముఖం పాలిపోయి ఉంది.

"పానం బాగలేదా, పెద్దయ్యా? ఇంటికి పోరాదు."

"నేను పోతె నీకు మంచిగనే ఉంటది." నవ్వాడు. "నేను ఖానాపూర్ నుంచి వచ్చిన్నాడు గీడ రాజం అని ఉండె. రజాకార్ల లొల్లిల ఓనాడు పోయిండు, మల్ల రాలే. తెల్లారి ఆయన జాగల అక్షరాలు పేర్చే స్టిక్కు నేను పట్టిన."

"ఆయన ఏమైండో అడుగలేదా?"

"అడిగితె వస్తడేమోనని భయం." అంతలోనే కసిరాడు. "ఊకె ముచ్చట్లేంది? నడిపియ్!"

అన్నాలు తిన్నాక మళ్ళీ మొదలుపెట్టారు. మొదటి పేరాలో రెండుసార్లు "ఉహుఁ" అన్నాడు. రెండో పేరాలో ఒక్కసారే. మూడో పేరాలో అసలు అనలేదు. దెబోరా వేళ్ళు చూపు కంటే ముందే గడుల్లోకి పోతున్నాయి. ఆమెకు లోపల గర్వంగా ఉంది. తిరిగి చూస్తే మెచ్చుకోమన్నట్టు ఉంటుందని తిరగలేదు.

"అంతయ్యా! ఇయ్యాల చెయ్యి జోరుగ నడుస్తాందే!" బయటినుంచి సేటు కేకేశాడు.

దెబోరాకు నవ్వొచ్చింది. వెనకనుంచి జవాబు లేదు. అలిగిండు, అనుకుంది. కొంచెం ఏడిపిద్దామని, కావాలనే తప్పు గడి మీద చెయ్యి పెట్టి ఆగింది. చెయ్యి అక్కడే ఉంచింది.

చప్పుడు లేదు.

అప్పుడు తిరిగి చూసింది. అంతయ్య గోడకానుకునే ఉన్నాడు. కళ్ళు కేసు మీదే ఉన్నాయి. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

సాయంత్రానికి చుట్టాలు వచ్చి బండి మీద తీసుకుపోయారు. సేటు తడక వెనక్కి వచ్చి, పేర్చి ఉన్న పేజీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పానం పోయి శానసేపైందన్నడు డాక్టరు. మరి గా టిక్కుటిక్కు ఎవలది?"

"నాదే, సేటూ."

"ఎప్పుడు పోయిండో నీకు ఎరుకనా?"

"ఎరుకలేదు."

అది నిజమే. మూడో పేరాలో ఎక్కడో పోయాడు. ఏ మాట దగ్గరో ఆమెకు తెలియదు.

సేటు గడులన్నిటినీ ఒకసారి కలయజూశాడు. "రేపు పొద్దుగాల జల్ది రా. ఫారాలు మడువనీకి ఇంకెవలనన్న చూస్త."

రెండేళ్ళుగా ఆమె వినాలనుకున్న మాట అది. తల ఊపింది. నవ్వు రాలేదు.

మర్నాడు దెబోరా కేసు ముందు నిలబడింది. ముక్కాలిపీటను పక్కకు జరపలేదు. మూడో పేరా మొదటినుంచీ విప్పేసి, అక్షరాలను ఎక్కడివక్కడ పడేసి, మళ్ళీ పేర్చడం మొదలుపెట్టింది. నిన్న ఆగిన చోటు దాటాక, నెమలి ఎగిరి కొమ్మ మీద వాలేచోట, అంతదాకా అవసరం పడని అక్షరం ఒకటి వచ్చింది. చెప్పేవాళ్ళు లేరు. ఒక్కొక్క గడే తడుముకుంటూ పోయింది. అన్నిటికన్నా కింద, మూలన ఉన్న గడిలో అక్షరాలు లేవు. గుప్పెడు పుట్నాలు, సగం కొరికిన బెల్లంముక్క, దానిమీద నల్లటి వేలిముద్ర.