ఎడమ మణికట్టు

ఇంటికి రాగానే ఆమె చేసే మొదటి పని బట్టల సబ్బుతో ఎడమ మణికట్టు రుద్దుకోవడం. అడుగంటిన గిన్నె తోమినట్టు తోముతుంది, చర్మం ఎర్రబడేదాకా. వంట, అత్తగారి మందులు, పిల్ల హోంవర్కు అన్నీ ఆ తర్వాతే.

ఆమె పనిచేసేది అత్తర్ల షాపులో. మామూలు సెంట్లయితే కాగితం ముక్క మీద చల్లి చూపించవచ్చు గానీ, అగరు చెక్క నుంచి తీసే ఊద్ నూనెకు ఒంటి వేడి తగలాలి. అందుకని అమ్మే మనిషే ఎడమ మణికట్టుకు రాసుకుని, కొనేవాళ్ళ ముక్కు దగ్గర పెట్టాలి. రోజుకు ఎన్ని ముక్కులో! వాసన చూసే నెపంతో పట్టుకున్న చెయ్యి వదలని మగాళ్ళూ ఉంటారు. గుంజుకుని నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే. ఇంత చిరాకులోనూ ఆమెకు ఊద్ అంటే ప్రాణం. ముందు మిరియాల ఘాటు, కాసేపటికి లవంగం, ఆ వెనకే తడిసి ఆరిన పాత దుంగ వాసన. పూల సెంట్లలా తియ్యగా బతిమాలదు. వచ్చి కూర్చుంటుంది, లేవమన్నా లేవదు. అలా కూర్చోవడం ఇంట్లో ఆమెకు చేతకాదు.

"నువ్వు మెట్లెక్కుతుంటేనే ఇల్లంతా కంపు. సంసారం చేసుకునే ఆడదాని దగ్గర రావాల్సిన వాసనేనా ఇది?" అంటాడు భర్త. "ముందు కడుక్కో తల్లీ, వాడికి పడదు," అని అత్తగారు ముక్కు మూసుకుంటుంది.

ఒకరోజు పిల్లకు జ్వరం. ఆ హడావుడిలో చెయ్యి తోముకోవడం మరిచిపోయింది. మర్నాడు పొద్దున్నే ఎప్పటిలా ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది. ఎడమ మణికట్టుతో కాలరు అదిమిపట్టి, కుడిచేత్తో పెట్టె నడపడం ఆమె అలవాటు. ఆ వేడికి వాసన గుడ్డలోకి దిగింది.

సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ వచ్చాడు.

"మా మేనేజరు ఆపి మరీ అడిగాడు, ఏం సెంటు కొట్టావయ్యా అని! చొక్కాకి ఏం రాశావు?"

ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. తన చేతి మీద ఉంటే కంపు, ఈయన మెడకెక్కితే హోదా!

"ఏం రాయలేదు. నా చేతిది అంటుకుంది."

"అయితే ఆ సీసా పట్రా."

మర్నాడు శాంపిల్ సీసా అడిగి తెచ్చింది. తెల్లారి ఆయన మెడకు రాసుకుని, కాసేపాగి మొహం చిట్లించాడు.

"ఇదేంటి, తడిసిన గోనెసంచిలా! వేరేది తెచ్చావా?"

"అదేనండీ. ఒక్కో ఒంటి మీద ఒక్కోలా ఉంటుంది. మీ మేనేజరు మెచ్చుకున్నది నా ఒంటి మీది వాసన."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత చొక్కా తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"సరేలే. ఎలాగూ ఇస్త్రీ చేసేది నువ్వేగా. ఇకనుంచి ఆ చెయ్యి కడుక్కోకుండా ఇస్త్రీ చెయ్యి."

ఇన్నేళ్ళూ కడుక్కోమన్నది ఈ నోరే. అప్పుడూ ఆయన కోసమే, ఇప్పుడూ ఆయన కోసమే. ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. వేడెక్కాక పిడి ఆయన వైపు తిప్పింది.

"కాలరుతో మొదలుపెట్టండి. మాడకుండా చూసుకోండి."

సీసా తీసుకుని రెండు మణికట్లకూ, చెవుల వెనకా రాసుకుని పనికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. అత్తగారు ముక్కు మూసుకుని సింకు వైపు చూపించింది. ఆమె లేవలేదు. సింకు పక్కన బట్టల సబ్బు పొడిగానే ఉంది.