తలా తోకా లేనిది

ఎర్రటి నీళ్లు.

ఆగస్టు ఎండకు చైనాలోని యున్‌చెంగ్ సరస్సులో ఉప్పు మడులు మందారం రంగుకు తిరిగాయి. ఆ ఎరుపు నీటిది కాదు — ఉప్పులో తప్ప బతకలేని సూక్ష్మజీవులది. చేప చచ్చే చోట అవి కోట్లుగా పుడతాయి.

వాటికీ వైరస్‌లుంటాయి.

పరిశోధకురాలు షాంగ్ రుయ్‌జెన్ వెతుకుతున్నది వాటినే.

ల్యాబులో ఆ జీవులను గాజు పలకమీద పొరగా పెంచి, మడి నీళ్లు చుక్క వేసింది. వైరస్ ఉంటే పొరలో కన్నాలు పడాలి.

పడలేదు.

మసక... అద్దం మీద ఊపిరి తగిలినంత మసక.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసింది. తల లేదు. తోక లేదు. మామూలు వైరస్‌లకుండే కోణాల గట్టి డొల్ల లేదు. మెత్తటి సంచులు — ఒకటి పెద్దది, ఒకటి చిన్నది — ఒంటినిండా ముళ్లు.

ల్యాబు పెద్ద గూ మాస్టారు. తలా తోకా ఉన్న వైరస్‌లను వంశాలవారీగా సర్దడంలోనే ఆయన జుట్టు నెరిసింది. బొమ్మ చూసి నవ్వారు.

"తలా తోకా లేని దాన్ని పట్టుకొచ్చావేమ్మా. కణం పగిలితే మిగిలే చెత్త ఇది. చెత్తకు ఇంటిపేరు పెడతావా?"

అందరూ నవ్వారు. రుయ్‌జెన్ కూడా నవ్వింది. పలకను మాత్రం పారేయలేదు.

చలికాలంలోగా ఇది వదిలేసి తోకల వైరస్‌ల పని అందుకోమన్నారాయన. లేకుంటే ఆమె చోటు ఇంకొకరిది.

చెత్త అయితే ముందు కణం పగలాలి కదా...

పగిలిందా?

మసకపడిన చోటి ద్రవాన్ని వడకట్టి కొత్త కణాలకు పట్టింది. అవి చావలేదు. కాస్త బద్ధకించాయి, అంతే. అయినా చుట్టూ సంచులు నిండాయి. వాటిని మరికొన్ని కొత్త కణాలకు పట్టింది. మళ్లీ నిండాయి.

ఒకసారి ద్రవంలో ఉప్పు మోతాదు తగ్గింది. కణాలన్నీ పగిలిపోయాయి. పనంతా నీళ్లపాలు.

నూడుల్స్ మీద వెనిగర్ ఒంపుకుని, నిలబడే తినేసి, మళ్లీ మొదలుపెట్టింది.

ప్రతి సంచిలోనూ అదే జన్యుపోగు. జబ్బు సోకని కణంలో ఆ పోగు లేదు. ఒంటిమీది ముళ్లు కూడా ఆ పోగు చెప్పినట్టు తయారైనవే. కణం చర్మంలోంచే ఒక ముక్క చుట్టుకుని బయటికొస్తున్నాయవి.

గడప దాటుతున్నాయి — ఇల్లు కూల్చకుండా.

అన్నీ తెచ్చి గూ మాస్టారి ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు. ఈసారి నవ్వలేదు.

"నిక్షేపంలా ఉన్న కణాన్ని చూపించి వైరస్ సోకిందంటావు."

"చంపితేనే ఉన్నట్టా, మాస్టారూ?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

"ఏ వంశంలో పెట్టమంటావు దీన్ని?"

"ఉన్నవాటిలో పట్టదండి. కొత్తది కట్టాలి."

"ఒక మడిలో దొరికితే వింత. ఇంకో మడిలోనూ దొరికితే అప్పుడు వంశం. పోయి తీసుకురా."

డిసెంబరు.

సరస్సు మీద తెల్లటి ఉప్పుపూలు సూదులు సూదులుగా విచ్చుకున్నాయి. గాలి చెంపలు కోస్తోంది. రుయ్‌జెన్ చిట్టచివరి మడి గట్టున గొంతుక్కూర్చుంది. చేతి తొడుగు విప్పింది. వేళ్లతో ఆ తెల్లటి పొరను విరిచింది.

కింద నీళ్లు. రంగు లేదు... అందులో ఏముందో, ఏమీ లేదో.

సీసా ముంచింది.

వేళ్లు మొద్దుబారాయి. నిండేదాకా చెయ్యి తియ్యలేదు.